ఐదో నెల ఐదో రోజు: చైనా ద్వాన్‌వూ పండుగ పుట్టుక, ఆచారాలు, ఇంట్లో జోంగ్‌జీ చుట్టే పద్ధతి

ద్వాన్‌వూ అనగానే మన పత్రికల్లో రెండు బొమ్మలు కనిపిస్తాయి. ఒకటి డ్రాగన్ తల బిగించిన పొడవాటి పడవ, రెండోది ఆకులో చుట్టిన ముక్కోణపు అన్నం పొట్లం, జోంగ్‌జీ. రెండూ నిజమే. కానీ ఆ రోజు తెల్లవారుజామున చైనాలో ఇంటి గడప దగ్గర జరిగే పని చూస్తే తప్ప పండుగ అసలు స్వభావం అర్థం కాదు. గుమ్మానికి ఘాటు వాసన ఆకులు కడతారు, పిల్లల చేతికి ఐదు రంగుల దారం కడతారు, మెడలో మూలికల సంచి వేస్తారు. ఎండ ముదిరి, గాలిలో తేమ పెరిగి, పురుగూ పుట్రా బయటికొచ్చే రోజుల్లో ఇంటిని కాపాడుకోవడానికి పుట్టిన పండుగ ఇది. నదిలో మునిగిన ఛూ యువాన్ అనే కవి కథ తర్వాత వచ్చి చేరింది. ఈ వరస మనసులో పెట్టుకుంటే ఏ ఆచారం ఎందుకుందో, దాన్ని ఎలా చేయాలో తేలిగ్గా తెలుస్తుంది.

తేదీ ఎలా లెక్కపెట్టాలి

చైనా చాంద్రమానంలో ఐదో నెల, ఐదో రోజు. వాళ్ల నెల అమావాస్య పడిన రోజే మొదలవుతుంది. మనం అమావాస్య దాటాక పాడ్యమి నుంచి లెక్కపెడతాం కాబట్టి రెండు లెక్కలూ దాదాపు కలిసే నడుస్తాయి. వాళ్ల మొదటి నెల సాధారణంగా మన మాఘం. అలా చూస్తే ఐదోది జ్యేష్ఠం, ద్వాన్‌వూ జ్యేష్ఠ శుద్ధ పంచమి అటూ ఇటూగా వస్తుంది. 2024లో జూన్ 10న, 2025లో మే 31న వచ్చింది. 2026లో జూన్ 19, 2027లో జూన్ 9.

అధిక మాసం దగ్గరే చాలామంది పొరబడతారు. మనకూ వాళ్లకూ అధిక మాసం ఒకే ఏడాది, ఒకే చోట పడాలని లేదు. 2023లో వాళ్లకి రెండో నెల రెండుసార్లు రావడంతో ద్వాన్‌వూ జూన్ 22కి జరిగింది, అప్పటికి మనకు ఆషాఢం వచ్చేసింది. ఇంకో తేడా కూడా ఉంది. మనకు అధిక మాసం ముందు, నిజ మాసం తర్వాత. పండుగలు నిజ మాసంలో చేస్తాం. వాళ్లకు మామూలు నెల ముందు, అధికం తర్వాత. అందుకే 2028లో ఐదో నెల రెండుసార్లు వస్తున్నా ద్వాన్‌వూ మొదటి దాంట్లోనే, మే 28న చేస్తారు. ఇంగ్లీషు క్యాలెండర్‌లో ఒకే తేదీ కోసం వెతికితే దొరకదు. జపాన్ మాత్రం తన రూపాన్ని మే 5కి ఖాయం చేసుకుంది, అక్కడ అది పిల్లల దినోత్సవం.

పేరు సంగతికొస్తే, ‘ద్వాన్’ అంటే మొదలు. ‘వూ’ అంటే చైనా కాలగణనలోని పన్నెండు శాఖల లెక్కలో ఏడోది, గుర్రం గుర్తుది. ఐదో నెల ఈ శాఖ కిందికి వస్తుంది. పగలు 11 నుంచి 1 గంట వరకు ఉండే జాము కూడా దీనిదే. అందుకే ఈ పండుగలో కొన్ని పనులు సరిగ్గా మిట్టమధ్యాహ్నం చేస్తారు. తైవాన్‌లో ఆ వేళకు బావి నీళ్లు తోడి దాచుకుంటారు, గుడ్డును నిలువుగా నిలబెట్టే ఆట ఆడతారు.

ఛూ యువాన్ కంటే ముందున్న భయం

అందరికీ తెలిసిన కథ ఛూ యువాన్‌ది. ఛూ రాజ్యంలో మంత్రి, గొప్ప కవి. రాజుకు చెప్పిన మాట చెల్లక దేశం నుంచి వెళ్లగొట్టబడ్డాడు. క్రీ.పూ. 278లో ఛిన్ సైన్యం ఛూ రాజధానిని పట్టుకున్నాక నేటి హునాన్‌లో ఉన్న మీలువో నదిలో మునిగి ప్రాణం విడిచాడు. అతన్ని వెతకడానికి పడవలు వేసుకెళ్లారని, శరీరాన్ని చేపలు తినకుండా నీళ్లలో అన్నం వేశారని చెబుతారు.

6వ శతాబ్దంలో రాసిన ఒక కథలో ఇంకో వివరం ఉంది. జనం వెదురు గొట్టాల్లో బియ్యం నింపి నదిలో వేస్తుంటే, కవి ఆత్మ కనిపించి అదంతా నీటి డ్రాగన్ లాక్కుపోతోందని చెబుతుంది. పైన తురక వేప ఆకు కప్పి రంగుల దారం కట్టమంటుంది, ఆ రెండింటికీ డ్రాగన్ భయపడుతుందట. ఆకు, దారం ఇక్కడ వంటింటి సామాను కావు, రక్ష కట్టే సామాను.

సూజౌ వైపు ఇదే రోజును వూ జీషూ పేరున చేస్తారు. క్రీ.పూ. 484లో రాజాజ్ఞతో ఆత్మహత్య చేసుకున్న మంత్రి అతను. అతని శవాన్ని తోలు సంచిలో పెట్టి నదిలో పారేశారు. షావ్‌షింగ్ దగ్గర మునిగిపోయిన తండ్రిని వెతుకుతూ నదిలో దూకిన 14 ఏళ్ల త్సావ్ అ కథ చెబుతారు, అది క్రీ.శ. 143 నాటిది. మూడు ఊళ్లు, మూడు కథలు, రోజు మాత్రం ఒక్కటే. రోజు ముందే ప్రత్యేకంగా ఉండబట్టే కథలు వచ్చి దాన్ని పట్టుకున్నాయనిపిస్తుంది.

ఆ ప్రత్యేకత భయం. ఐదో నెలను విషమాసం అనేవారు. పాము, తేలు, జెర్రి, బల్లి, గోదురు కప్ప: ఈ ఐదింటినీ ‘పంచ విషాలు’గా లెక్కపెట్టారు. ఛీ రాజ్యపు మెంగ్‌ఛాంగ్ ప్రభువు ఐదో నెల ఐదో రోజున పుట్టాడు. ఆ రోజు పుట్టిన బిడ్డ తలుపంత ఎత్తు పెరిగితే తల్లిదండ్రులకు కీడని, పెంచొద్దని తండ్రి ఆజ్ఞాపించాడు. తల్లి చాటుగా పెంచింది. పెద్దయ్యాక అతను తండ్రితో, నా రాత తలుపు రాసేదైతే తలుపు ఎత్తు పెంచితే సరిపోతుంది కదా అన్నాడని పాత చరిత్ర చెబుతుంది. అతను ఛూ యువాన్ కాలం వాడే, ఛూ యువాన్ మునగక ముందే పుట్టి పెరిగినవాడు. 2వ శతాబ్దపు రచనల్లో ఈ రోజున చేతికి ఐదు రంగుల పట్టుదారం కడితే ఆపద, రోగం రావని ఉంది. 3వ శతాబ్దంలో ఆకులో చుట్టి బూడిద నీళ్లలో ఉడికించిన తినుబండారం ప్రస్తావన ఉంది. దాన్ని ఈ రోజుతో పాటు వేసవి అయనాంతం నాడూ తినేవారు.

ఈ పండుగ 2008 నుంచి చైనా ప్రధాన భూభాగంలో ప్రభుత్వ సెలవు. 2009లో యునెస్కో మానవాళి వారసత్వ జాబితాలో చేరింది.

గుమ్మానికి కట్టే ఆకులు

కావలసినవి రెండు. చైనా మాచిపత్రి ఒకటి, వస ఆకు రెండోది. మాచిపత్రి పేరు వినాయక చవితి పత్రిలో అందరికీ తెలిసిందే. చైనాలో కట్టేది దాని దగ్గరి బంధువు, అదే ప్రజాతి మొక్క. వస అయితే అదే మొక్క, మనం కొమ్ము అరగదీసి పసిపిల్లల నాలుకకు రాసేది. కొమ్ము పచారీ కొట్టులో దొరుకుతుంది గానీ ఆకు దొరకదు, అది బురద నీళ్లలో పెరుగుతుంది. ఆకు కత్తిలా ఉంటుంది కాబట్టి కీడును నరికే కత్తి అని దాన్ని తలుపు పక్కన పెడతారు.

మాచిపత్రి కొమ్మలు ఐదారు, ఒక్కోటి రెండడుగుల పొడవు, వస ఆకులు రెండు మూడు కలిపి ఎర్ర దారంతో కాడల దగ్గర బిగించాలి. పొద్దుటే, ఎండ ఎక్కకముందు గుమ్మానికి ఒకపక్క గాని రెండుపక్కలా గాని వేలాడదీయాలి. మర్నాడే తీసేయనక్కర్లేదు, అక్కడే ఎండిపోనిస్తారు. ఎండినదాన్ని స్నానపు నీళ్లలో మరిగించి వాడుకునేవాళ్లున్నారు. 100 గ్రాముల పచ్చి ఆకును 3 లీటర్ల నీళ్లలో పావుగంట మరిగించి, వడకట్టి, బకెట్ నీళ్లలో కలిపితే ఒక స్నానానికి సరిపోతుంది.

మన దగ్గర ఒక ప్రమాదం ఉంది. రోడ్డు పక్కన పెరిగే వయ్యారిభామ ఆకు చూడటానికి మాచిపత్రిలాగే చీలికలుగా ఉంటుంది. పొరపాటున దాన్ని కోసి మరిగిస్తే ఒళ్లంతా దద్దుర్లు వస్తాయి. గుర్తుపట్టడానికి ఆకును తిరగేసి చూడండి. మాచిపత్రి అడుగుభాగం తెల్లగా, నూగులా ఉంటుంది, నలిపితే గాఢమైన సువాసన వస్తుంది. ఈ రెండూ లేకపోతే కోయొద్దు. అసలైన మాచిపత్రి కూడా కొందరికి పడదు. ముందు మోచేతి లోపల కొంచెం నీళ్లు రాసి ఒక రోజు చూడాలి. గర్భిణులు ఈ స్నానం మానుకోవడం మంచిది.

మనశ్శిల కలిపిన మద్యం వద్దు

పాత రోజుల్లో మనశ్శిల పొడి కలిపిన సారాయి పెద్దలు తాగేవారు, మిగిలినదానితో పిల్లల నుదుట ‘రాజు’ అనే అక్షరం రాసేవారు, పులి నుదుటి మీద చారల గుర్తుగా. పాము రూపంలోంచి మనిషిగా మారిన తెల్ల పాము కథలో ఆమె అసలు రూపం బయటపడేది ఈ మద్యం తాగాకే. కథగా చెప్పుకోవడం వేరు, చేయడం వేరు. మనశ్శిల అంటే ఆర్సెనిక్, గంధకం కలిసిన ఖనిజం. వేడి తగిలితే ఇంకా ఘోరమైన విషంగా మారుతుంది. తాగడమే కాదు, పిల్లల చర్మానికి రాయడం కూడా తప్పే. ఎక్కడైనా సంప్రదాయం పేరుతో ఇస్తే మర్యాదగా కాదనండి.

ఐదు రంగుల దారం, మూలికల సంచి

ఆకుపచ్చ లేదా నీలం, ఎరుపు, పసుపు, తెలుపు, నలుపు. కర్ర, నిప్పు, మన్ను, లోహం, నీరు అనే పంచభూతాలకు వరసగా ఒక్కో రంగు. చైనా పంచభూతాల లెక్క మనది కాదు, ఆకాశం, వాయువు ఇందులో ఉండవు. నలుపు అశుభమనుకుని వదిలేసి ఇంకో రంగు వేస్తే వరస చెడుతుంది. నలుపు నీటిది, ఉండాల్సిందే.

నూలు ఎంబ్రాయిడరీ దారాలు ఒక్కో రంగుది 60 సెంటీమీటర్లు తీసుకోండి. ఐదూ కలిపి ఒక కొస ముడి వేసి, గోడ మేకుకి తగిలించి, ఒకే వైపు గట్టిగా పురి పెట్టండి. వదిలితే ముడుచుకునేంత పురి ఎక్కాక మధ్యకు మడిచి రెండు కొసలూ ఒకచోట పట్టుకుంటే దానంతట అదే పేనుకుంటుంది. పురి తక్కువైతే రెండు రోజుల్లో విడిపోయి పోగులు లేస్తాయి. పొద్దున్నే, నిద్ర లేచిన వెంటనే పిల్లలకు మాట్లాడకముందే కట్టాలని చాలాచోట్ల పట్టింపు. మగపిల్లలకు ఎడమ చేతికి, ఆడపిల్లలకు కుడి చేతికి. ఒక వేలు దూరేంత వదులుండాలి, పసిబిడ్డ మెడకు మాత్రం కట్టకూడదు. పండుగ తర్వాత పడే మొదటి వానకు తెంచి నీళ్లలో వదలడం వాడుక, రోగాలు కొట్టుకుపోతాయని. నైలాన్ దారమైతే నీళ్లలో వదలకండి, అందుకే నూలు అన్నది.

మూలికల సంచికి గాన్సూలోని ఛింగ్‌యాంగ్ పేరు పొందింది. పులి, చేప, గుమ్మడి ఆకారాల్లో కుట్టి ఎంబ్రాయిడరీ పనితో అలంకరిస్తారు. తేలిక రూపానికి 12 సెంటీమీటర్ల చదరపు గుడ్డ చాలు. ఎండు మాచిపత్రి 5 గ్రాములు, వస కొమ్ము 3, లవంగాలు 2, ఎండు పుదీనా 2, గంధం పొడి 1. బరకగా దంచాలి. మెత్తగా చేస్తే గుడ్డలోంచి రాలిపోతుంది, వాసన కూడా త్వరగా ఆరిపోతుంది. అన్నీ పెళుసుగా ఎండి ఉండాలి. కొంచెం తేమ ఉన్నా ఈ కాలపు ఉక్కకు వారంలో బూజు పడుతుంది. ఇది వాసన కోసం మాత్రమే. నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకు మెడలో వేయకుండా ఉయ్యాలకు అందనంత ఎత్తున కట్టండి.

జోంగ్‌జీ: ముందు బియ్యం, ఆకు

పండుగలో అసలు చేతిపని ఇదే. పనసాకు బుట్టలో పిండి పోసి ఆవిరి పట్టే పొట్టిక్కలు కోనసీమలో చేసినవారికి ఆకుతో పని కొత్త కాదు. తేడా ఏమిటంటే, పొట్టిక్క పైన తెరిచి ఉంటుంది, ఆవిరి మీద ఉడుకుతుంది. జోంగ్‌జీ అన్ని వైపులా మూసుకుని నీళ్లలో మునిగి రెండు గంటలు ఉడుకుతుంది. ఎక్కడ సన్నని కన్నం ఉన్నా నీళ్లు దూరతాయి.

బియ్యం తప్పనిసరిగా జిగురు బియ్యమే కావాలి. సోనా మసూరి ఎంత మెత్తగా ఉడికినా పొట్లం విప్పగానే విడిపోతుంది. అతుక్కోవడం పిండిపదార్థంలో ఒక రకం దాదాపు పూర్తిగా ఉండటం వల్ల వస్తుంది, నీళ్లు ఎక్కువ పోస్తే రాదు. అస్సాం బోరా బియ్యం ఈ జాతిదే, మణిపూర్ నల్ల చఖావ్ కూడా. నల్లదాన్ని తెల్ల జిగురు బియ్యంతో ఒకటికి మూడు పాళ్లలో కలిపితే ఉడకడం తేలిక.

ఆకులు రెండు రకాలు. ఉత్తర చైనాలో రెల్లు జాతి ఆకు వాడతారు, సన్నగా ఉంటుంది కాబట్టి మూడు నాలుగు కలపాలి. దక్షిణాన పొట్టి వెదురు జాతి వెడల్పాటి ఆకు, రెండు చాలు. విదేశాల్లో ఉన్నవారికి చైనా సరుకుల కొట్లలో ఎండు ఆకు కట్టలు దొరుకుతాయి. కొనేటప్పుడు రంగు చూడండి. ఎండిన ఆకు గాని ఉడికిన ఆకు గాని సహజంగా పాలిపోయిన ఆకుపచ్చలోకి, గోధుమ రంగులోకి తిరుగుతుంది. మిలమిలలాడే పచ్చ రంగుంటే మైలుతుత్తం పట్టించి ఉండొచ్చు. చైనాలోనే ఇలాంటివి పట్టుబడ్డాయి. నానబెట్టిన నీళ్లు ఆకుపచ్చగా మారితే పారేయాలి.

ఎండు ఆకుల్ని రాత్రంతా నానబెట్టి, పొద్దున పది నిమిషాలు మరిగించి, రెండు వైపులా మెత్తని బ్రష్‌తో కడగాలి. మరిగించకుండా మడిస్తే సరిగ్గా కోణం దగ్గరే చిట్లుతుంది. కాడ వైపు గట్టి భాగం ఒక సెంటీమీటరు కత్తిరించండి, లేకపోతే పక్క పొట్లాన్ని పొడుస్తుంది. చుట్టేంతసేపూ ఆకులు నీళ్లలోనే ఉండాలి. ఏ ఆకూ దొరకకపోతే అరటాకు వాడొచ్చు. నిప్పు మీద వాడ్చి, రెండు పొరలుగా, ఒక పొర ఈనెలు నిలువుగా, ఇంకోటి అడ్డంగా పెట్టాలి. ఒక్క పొర అయితే ఈనె వెంబడి చీలిపోతుంది. రుచి వేరుగా వస్తుంది, తప్పు లేదు.

20 పొట్లాలకు కొలతలు

జిగురు బియ్యం 1 కిలో, ఆకులు 50 (పదింటికి చిరుగులుంటాయి), 1.2 మీటర్ల నూలు దారాలు 20. ఒక్కోదానికి పొడి బియ్యం లెక్కలో 50 గ్రాములు పడుతుంది. బియ్యం మూడు గంటలు నానబెట్టి, చిల్లుల గిన్నెలో అరగంట ఓడ్చాలి. ఓడ్చకుండా వాడితే కారే నీళ్లతో పొట్లం బిగవదు.

లోపల పెట్టేది ప్రాంతాన్ని బట్టి మారుతుంది. జెజియాంగ్‌లోని జియాషింగ్ పద్ధతి పంది మాంసానిది. కొవ్వున్న పొట్ట మాంసం 600 గ్రాములు ముక్కలు చేసి, ఉప్పటి లేత సోయా సాస్ 30 మిల్లీలీటర్లు, రంగు కోసం ముదురు సోయా 10, చక్కెర 15 గ్రాములు, ఉప్పు 5, కొంచెం అల్లంతో రాత్రంతా ఫ్రిజ్‌లో నానబెట్టాలి. ఓడ్చిన బియ్యంలో లేత సోయా 50, ముదురు 15, ఉప్పు 10 గ్రాములు, చక్కెర 15 కలపాలి. పచ్చి బియ్యం రుచి చూస్తే కాస్త ఉప్పెక్కువ అనిపించాలి, ఎందుకంటే ఉడికేటప్పుడు కొంత నీళ్లలోకి పోతుంది. పెట్టేటప్పుడు కొవ్వు ముక్క మధ్యలో, మాంసం ముక్కలు చెరోపక్క. కొవ్వు కరిగి బియ్యానికి పట్టడమే దీని రుచంతా.

గ్వాంగ్‌డాంగ్‌లో పొట్టు తీసిన పెసరపప్పు వేస్తారు. శాకాహారులకు ఇది బంగారం లాంటి దారి. 300 గ్రాముల పప్పు రెండు గంటలు నానబెట్టి, 5 గ్రాముల ఉప్పు, రెండు చెంచాల నూనె కలిపి, నానబెట్టిన పుట్టగొడుగులు, ఉడికించిన వేరుశనగలు చేరిస్తే మాంసం లోటు తెలియదు. ఉత్తరాది పద్ధతి ఇంకా సులువు: ఉప్పు లేని బియ్యం, ఒక్కోదానికి మూడు చైనా ఎర్ర ఖర్జూరాలు. పేరు ఖర్జూరమే గానీ అది నిజానికి ఎండిన రేగు జాతి పండు, గింజ తీసి వాడాలి. దీన్ని చల్లార్చి చక్కెర అద్దుకుని తింటారు. దక్షిణాన ఏ కూరా లేకుండా, బూడిద నీళ్ల లాంటి క్షారపు నీళ్లలో నానబెట్టిన పసుపు రంగు రకం ఒకటుంది, చల్లగా, మన బెల్లం పాకం లాంటి నల్ల చక్కెర పాకంతో బాగుంటుంది. మలేషియా, సింగపూర్‌లలో ఉన్న తెలుగువారు శంఖుపువ్వు నీలం పూసిన జోంగ్‌జీ చూసే ఉంటారు. అది తరతరాలుగా అక్కడే స్థిరపడిన పెరనాకన్ చైనీయుల వంట.

చుట్టడం

రెండు ఆకులు పక్కపక్కన, ఒకటి రెండోదాని మీదికి మూడో వంతు ఎక్కేలా, నునుపు వైపు పైకి పెట్టి పట్టుకోండి. బియ్యానికి నునుపు వైపు తగిలితే తినేటప్పుడు ఆకు శుభ్రంగా ఊడుతుంది. ఆకు పొడవులో మూడో వంతు దగ్గర లోపలికి తిప్పి, పల్లీలు పోసే కాగితం పొట్లంలా శంకువు చేయండి. కొన గట్టిగా మూసుకోవాలి. వెలుతురుకు ఎత్తి లోపలికి చూడండి, కొనలో వెలుగు చుక్క కనిపిస్తే విప్పి మళ్లీ తిప్పండి. ఈ ఒక్క నిమిషం మిగిల్చుకోబోయి కుండ నిండా గంజి చేసుకున్నవాళ్లే ఎక్కువ.

అడుగున ఒక చెంచా బియ్యం వేసి, చెంచా వెనకభాగంతో కొనలోకి నొక్కండి. తర్వాత కూర, దాని మీద మళ్లీ బియ్యం. మాంసం గాని పండు గాని ఆకుకు తగలకుండా చుట్టూ బియ్యమే ఉండాలి. అంచుకు ఒక సెంటీమీటరు కింద ఆపాలి. ఇప్పుడు వెనక వేలాడుతున్న ఆకు తోకను ముందుకు వంచి నోటిని మూతలా కప్పండి. బొటనవేలు, చూపుడువేలుతో రెండు పక్కలా లోపలికి నొక్కితే రెండు కొత్త కోణాలు వస్తాయి. మిగిలిన తోకను ఒక పక్కకు మడిచి పొట్లం ఒంటికి అదమాలి. చేయి వదలకుండా, దారం ఒక కొస పళ్లతో గాని మేకుకి గాని పట్టించి, నడుము చుట్టూ మూడు నాలుగు చుట్లు తిప్పి, లాగితే విడిపోయే ముడి వేయండి. నాలుగు మూలల ఆకారం ఇది. మొదటి అయిదూ వంకరగానే వస్తాయి, ఉడికాక రుచి ఒకటే.

ఎంత బిగించాలన్నది కూరను బట్టి ఉంటుంది. ఖర్జూరం, మాంసం రకాలు బిగువుగా కట్టాలి. వదులైతే నీళ్లు దూరి అన్నం సంకటిలా చెదిరిపోతుంది. ఎర్ర చిక్కుడు గింజల తీపి ముద్ద పెడితే మరీ బిగించొద్దు, బియ్యపు గింజలు ముద్దలోకి దిగబడి నీరందక పలుకుగా మిగులుతాయి. క్షారపు రకం ఎక్కువ ఉబ్బుతుంది కాబట్టి అన్నిటికంటే వదులుగా కట్టాలి. పొట్లం ఊపితే లోపల గింజలు గలగలమనకూడదు, నొక్కితే రాయిలా కూడా ఉండకూడదు.

ఉడికించడం

పెద్ద గిన్నె అడుగున మిగిలిన ఆకులు పరిచి, పొట్లాలు ఒత్తుగా పేర్చి, పైన అయిదు సెంటీమీటర్ల నీళ్లు నిలిచేలా మరుగుతున్న నీళ్లు పోయండి. తేలకుండా పైన ఒక పళ్లెం బోర్లించి బరువు పెట్టాలి. పొంగు వచ్చాక మంట తగ్గించి రెండు నుంచి రెండున్నర గంటలు. నీళ్లు తగ్గితే మరిగే నీళ్లే పోయాలి. చన్నీళ్లు పోస్తే వేడి పడిపోయి పైపొర మెత్తగా, మధ్య పలుకుగా మిగులుతుంది. దించాక అదే నీళ్లలో ఇంకో గంట వదిలేయండి, మధ్య గింజ మెత్తబడేది అప్పుడే.

కుక్కర్‌లో అయితే మూడింట రెండు వంతులకు మించి నింపొద్దు. పొట్లాలు మునగాలి. మొదటి విజిల్ వచ్చాక సిమ్‌లో 45 నిమిషాలు పెట్టి, ఆవిరి దానంతట అదే పోయేదాకా మూత తీయొద్దు. బలవంతంగా తీస్తే లోపలి ఒత్తిడికి ఆకులు విచ్చుకుంటాయి.

ఉప్పు పొట్లాలు, తీపి పొట్లాలు ఒకే గిన్నెలో ఉడికించకూడదు, రెండూ చెడతాయి. ఒకటి తీసి విప్పి, మధ్యకు కోసి చూడండి. తెల్లగా సుద్దలాంటి చుక్క కనిపిస్తే మిగిలినవి చల్లారకముందే మరో ముప్పావుగంట ఉడికించాలి. పూర్తిగా చల్లారిన పలుకు పొట్లాన్ని మళ్లీ ఉడికించినా సరిగా రాదు.

ఫ్రిజ్‌లో మూడు రోజులు, ఫ్రీజర్‌లో నెల ఉంటాయి. చల్లబడితే రాయిలా గట్టిపడతాయి, పాడైపోలేదు, జిగురు బియ్యం గుణం అది. గడ్డకట్టినవాటిని కరగనివ్వకుండా నేరుగా మరిగే నీళ్లలో 25 నిమిషాలు వేయండి. ఒకపూటకు ఒకటి, మహా అయితే రెండు. జీర్ణం కావడానికి సమయం పడుతుంది. వేడి టీ తోడుగా తాగడం వాళ్ల అలవాటు. చక్కెర వ్యాధి ఉన్నవారు, మింగడం కష్టమైన పెద్దవారు చిన్న ముక్కతో సరిపెట్టుకోవాలి.

ఇచ్చిపుచ్చుకోవడంలో మర్యాదలు

జోంగ్‌జీని చుట్టుపక్కల ఇళ్లకు పంచుతారు. దక్షిణ చైనా భాష హొక్కియెన్ మాట్లాడే కుటుంబాల్లో, తైవాన్‌లో, మైల ఉన్న ఇంటివారు ఆ ఏడాది చుట్టరు. బంధువులే చేసి పంపుతారు. అలాంటి ఇంటికి వెళ్తూ మీరూ కొన్ని తీసుకెళ్తే సంతోషిస్తారు. పరీక్షలు రాసే పిల్లలున్న ఇంట్లో జోంగ్‌జీకి ఇంకో విలువ ఉంది. ‘జోంగ్’ శబ్దం పరీక్షలో నెగ్గడం అనే మాటను పోలి ఉంటుంది, చైనా విశ్వవిద్యాలయ ప్రవేశ పరీక్ష కూడా జూన్ 7న మొదలవుతుంది. శుభాకాంక్ష చెప్పేటప్పుడు ‘ద్వాన్‌వూ అన్‌కాంగ్’, అంటే క్షేమంగా ఆరోగ్యంగా ఉండండి, అనేది చాలామందికి ఇష్టం. ‘సంతోషకరమైన ద్వాన్‌వూ’ అన్నా తప్పు పట్టరు.

యాంగ్‌జీ నది దిగువ ప్రాంతంలో భోజనంలో ‘అయిదు పసుపులు’ పెడతారు: పసుపు చేప, దోసకాయ, బురద పాము చేప, ఉప్పు బాతు గుడ్డు సొన, మనశ్శిల మద్యం. ఇప్పుడు చివరిది మానేసి మామూలు పసుపు సారాయి పోస్తున్నారు. ఉప్పు గుడ్లకు జియాంగ్సూలోని గావ్‌యో ప్రసిద్ధి.

పడవల పోటీ చూడటానికి వెళ్తే

ఛూ యువాన్ పుట్టిన ఊరని చెప్పే హుబేలోని జీగ్వేలో ఒక్క రోజుతో పండుగ ముగియదు. ఐదో నెల 5న, 15న, 25న మూడు ద్వాన్‌వూలు చేస్తారు. గ్వాంగ్‌జౌ వైపు గ్రామాల్లో పడవల్ని ఏడాదంతా నది బురదలో పాతిపెట్టి ఉంచుతారు. అవి గట్టి కలపతో చేసినవి, గాలికి ఎండితే బీటలు వారతాయి. బురదలో గాలి తగలక వందేళ్లయినా చెక్కుచెదరవు. నాలుగో నెల ఎనిమిదో రోజు ప్రాంతంలో వాటిని తవ్వి పైకి తీయడమే ఒక వేడుక. వీలుంటే పోటీ కంటే ముందు దాన్ని చూడండి. తల బిగించాక కళ్లకు ఎర్ర రంగుతో చుక్క పెడతారు, అప్పుడే డ్రాగన్ మేలుకుంటుందని నమ్మకం. చుక్క పెట్టేముందు పడవ ముందుభాగాన్ని తాకకండి, దాటకండి.

ఇప్పటి అంతర్జాతీయ పోటీలు హాంకాంగ్‌లో 1976లో మొదలయ్యాయి. ఆసియా క్రీడల్లో 2010లో తొలిసారి పెట్టారు. పెద్ద పడవలో తెడ్డు వేసేవాళ్లు 20 మంది, ముందు డోలు వాయించేవాడు, వెనక చుక్కాని పట్టేవాడు, మొత్తం 22. మీరు జట్టులో చేరితే బరువైనవాళ్లను మధ్యలో, తేలికైనవాళ్లను చివర్లలో, ఎడమ కుడి బరువు సమంగా కూర్చోబెట్టాలి. కొత్తవాళ్లు డోలు చప్పుడు విని తెడ్డు వేస్తారు, వెనకవాళ్లకు ఆ చప్పుడు ఆలస్యంగా అందడంతో లయ తప్పుతుంది. కళ్లు మొదటి వరసలో కూర్చున్న ఇద్దరి తెడ్ల మీద ఉండాలి, డోలువాడు కూడా వాళ్ల వేగాన్నే అనుసరిస్తాడు. తెడ్డును చేతులతో లాగితే రెండు వందల మీటర్లకే అలసిపోతారు. నడుము తిప్పి, ముందుకు వంగి, తెడ్డు ఆకు మొత్తం నీళ్లలో మునిగాకే వెనక్కి లాగాలి. ఈత వచ్చినా లైఫ్ జాకెట్ వేసుకునే ఎక్కండి. పడవ బోర్లాపడితే దాన్ని పట్టుకుని ఉండి, పక్కనున్నవాడు పైకి వచ్చాడో లేదో ముందు చూడాలి.